పేరు చెప్పని ఉదయాలు

1992 సెప్టెంబర్ 7

ఇది డైరీ కాదు, మా చుట్టల ఫ్యాక్టరీలో పారేసిన పాత హాజరు పుస్తకం. వెనక పేజీలు ఖాళీగా ఉంటే ఇంటికి తెచ్చుకున్నాను. ఊళ్ళో తెల్లకాగితం కంటితో చూసి ఎన్నాళ్ళయిందో. ఇందులో అబద్ధం రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఎవరికీ చూపించని పుస్తకంలో కూడా అబద్ధాలు రాసుకునే ఖర్మ నాకింకా పట్టలేదు.

చుట్టలు చుట్టేవాళ్ళకి వేదిక మీద కూర్చుని గట్టిగా చదివి వినిపించడం నా పని. లైబ్రరీ వ్యాన్ నాలుగు నెలలుగా రావడం లేదు. పెట్రోల్ లేదట. న్యూస్ పేపరు కూడా మధ్యాహ్నం బస్సుకి గానీ రావడం లేదు, అందుకని పొద్దున్నే నవల చదవాల్సి వస్తోంది. ఉన్న పుస్తకాలన్నీ రెండేసి సార్లు అయిపోయాయి. నేను వాక్యం మొదలుపెడితే చుట్టలు చుట్టేవాళ్ళే దాన్ని పూర్తి చేస్తున్నారు. మూడో వరసలో కూర్చునే వాల్డో ఇవాళ హంతకుడి పేరు నాకంటే ముందే చెప్పేశాడు. హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ కోపంలో వేదిక మీది టేబుల్‌ని కాలితో తన్నాను. మార్చి నుంచి బిగుసుకుపోయి ఉన్న కింది సొరుగు ఊడి బయటికొచ్చింది. అందులో దారంతో కట్టిన కాగితాల కట్ట. చుట్టల పెట్టెల లోపల అతికించే కాగితాలు, వాటి వెనక పెన్సిల్‌తో రాత. రెండు వందల పద్నాలుగు కాగితాలు. ఆ రాత ఎవరిదో చూడగానే తెలిసింది. నాకంటే ముందు ఈ వేదిక మీద చదివిన కసిమీరో మాస్టారిది.

మొదటి కాగితం మీద "శనివారం సూటు" అని ఉంది. దాని కింద పేరు లేదు.

సెప్టెంబర్ 8

ఈ ఫ్యాక్టరీలో చదివేవాళ్ళకి ఒకే ఒక్క రూలు. రోజూ మొదలుపెట్టేముందు పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు గట్టిగా చెప్పాలి. నిన్న ఎంత చదివినా, వినేవాళ్ళకి అది కంఠతా వచ్చినా సరే, చెప్పాలి. అది మా తాతల నాటి నుంచీ వస్తున్న పద్ధతి. పదేళ్ళు పొగాకు ఈనెలు తీసి, ఆ తర్వాత ఓట్లు వేయించుకుని ఈ కుర్చీ ఎక్కిన నాకు ఆ మాట ఎవరూ నేర్పక్కర్లేదు.

కరెంటు లేదు, మైకు లేదు. గొంతు పెంచి "శనివారం సూటు" అన్నాను. ఊపిరి తీసుకున్నాను. మాస్టారి పేరు చెబుదామనే అనుకున్నాను. ఒట్టు. ఈలోపు వాల్డో, కొత్త పుస్తకం ఎక్కణ్ణుంచి ఊడిపడింది, కొంపదీసి నువ్వే రాశావా ఏంటి అని అడిగాడు.

నేను నవ్వాను. అంతే. నవ్వడం తప్ప ఏమీ అనలేదు.

మొదటి వాక్యం చదివాను. ముందు వరసల్లో ముసలివాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆకు వేళ్ళ మధ్యే ఉండిపోయింది. అంత బాగుంది కాబోలు అనుకున్నాను. ముప్పావు గంట తర్వాత ఆపితే కత్తులు మోగాయి. చవేటా అంటాం, పిడి లేని అర్ధచంద్రం కత్తి. బాగుంటే దాన్ని బల్ల మీద కొడతారు. బాగోలేకపోతే కింద పడేస్తారు. నేను ఈ కుర్చీ ఎక్కి రెండేళ్ళయింది. అలాంటి చప్పుడు ఎప్పుడూ వినలేదు. కాళ్ళ కింద చెక్కలు అదిరాయి.

సెప్టెంబర్ 9

ఇవాళా పేరు చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

సెప్టెంబర్ 11

కథ చాకలి ఎమెరెన్సియానాది. ఎవడో ఒకడు తెల్ల సూటు ఉతకమని ఇచ్చి మళ్ళీ రాలేదు. ఆవిడ ఏళ్ళ తరబడి ప్రతి శనివారం దాన్ని ఉతికి, గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసి తగిలిస్తూ ఉంటుంది. ఓ రోజు ఎవడో వచ్చి సూటు నాదే అంటాడు. వాడిది కాదని ఆవిడకి తెలుసు. అయినా ఇచ్చేస్తుంది. సూటు వాడికి అతికినట్టు సరిపోతుంది. అక్కణ్ణుంచి అసలు కథ.

ఇలాంటిది నేను వందేళ్ళు బతికినా రాయలేను. ఆ మాట ఇక్కడైనా ఒప్పుకోవాలి.

ఇంకో సంగతి. పుస్తకం పేరు చెప్పి నేను ఊపిరి తీసుకునే ఆ చిన్న సందులో, హాలు చివర్నుంచి ఒక కత్తి చప్పుడు వినిపిస్తోంది. ఒక్కటే. టక్. నాలుగు రోజులూ అక్కడే. ఎవడో తిక్క వెధవ ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

సెప్టెంబర్ 16

చివరి వరస మొత్తం ఖాళీ. ఆకు సరిగ్గా రావడం లేదని సగం మందిని ఇళ్ళకి పంపేశారు కదా. ఆ వరసలో ఎవరూ కూర్చోరు. ఈ విషయం నాకు ఎనిమిది రోజుల తర్వాత తట్టింది.

అందులో మూలబల్ల మాస్టారిది. ముప్పై ఏళ్ళు ఆయన ఈ వేదిక మీద చదివారు. గొంతులో పుండు లేచి ఆపరేషన్ చేశాక మాట పోయింది. పెన్షన్ తీసుకుని ఇంట్లో కూర్చోండి మాస్టారూ అంటే వినలేదు. కుర్రతనంలో నేర్చిన పనేగా అని ఆ మూలబల్ల దగ్గర చుట్టలు చుడుతూ నేను చదివేది వినేవారు. కొత్తలో నేను తడబడితే ఎవరూ కత్తి కొట్టేవాళ్ళు కాదు. ఆయన ఒక్కరే కొట్టేవారు, నిదానంగా, ఒకేసారి. చెప్పాల్సింది ఉంటే చీటీ మీద రాసి పంపేవారు. కామా దగ్గర కంగారు పడకు. హంతకుడి మీద జాలి చూపించు. అలాంటివి. నా దగ్గర డెబ్బై చీటీలున్నాయి. మార్చిలో పోయారు.

ఆయన కత్తి ఆ బల్ల మీదే ఉంది. ఎవరూ తియ్యలేదు.

సెప్టెంబర్ 24

రొట్టెల క్యూలో నన్ను రచయిత్రి గారూ అని పిలిచారు. ముందుకి రమ్మని దారిచ్చారు. వద్దు వద్దంటూనే వెళ్ళాను.

నిజం రాస్తాను. నాకు బాగుంది. చాలా బాగుంది. నలభై రెండేళ్ళొచ్చాయి, మొగుడు వదిలేసి ఇంకో ఊళ్ళో కాపురం పెట్టాడు, ఈ కుర్చీలో రెండేళ్ళూ నేను పలికిందంతా ఎవరో రాసిన మాట. కత్తులు మోగితే అవి ఎవరికో మోగేవి. ఇప్పుడు నాకు మోగుతున్నాయి.

మాస్టారికి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఆయన పేరు చెబితే తినేదెవరు, చెప్పకపోతే ఏడ్చేదెవరు? గొంతు నాది. పైగా నిన్న కట్టలో రెండు మాటలు కొట్టేసి మార్చాను. దాంతో అది సగం నాదైనట్టే అని నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గు లేకపోతే సరి.

సెప్టెంబర్ 29

ఆ కట్ట ఎవరి కంటైనా పడితే ప్రమాదమని నా రాతలో కాపీ చేస్తున్నాను. నలభై పేజీలయ్యాయి. ఇవాళ వెనక్కి తిప్పి చూసుకుంటే, ముప్పయ్యో పేజీ నుంచి ఆ రాత నాది కాదు. అక్షరాలు ఎడమకి వాలుతున్నాయి. నేను జన్మలో ఎడమకి వాల్చి రాయలేదు. ఆయన వాల్చేవారు.

ఈ పేజీలో నా రాత మామూలుగానే ఉంది. ఇప్పుడే పోల్చి చూశాను.

అక్టోబర్ 5

జిల్లా ప్రచురణ సంస్థ నుంచి ఎడిటర్ వచ్చాడు. ఫౌస్టో అని, బక్కగా, బట్టతలతో ఉంటాడు, సైకిల్ మీద ముప్పై కిలోమీటర్లు తొక్కి వచ్చాడు. వెనక కూర్చుని చదివింది విన్నాడు. కార్మికులు రాసిన పుస్తకాలని ఒక సిరీస్ వేస్తున్నారట. కాగితం మూడు పుస్తకాలకే ఉందట, అందులో ఒకటి నాదట. నవంబర్ ఆఖరుకి మొత్తం ఇవ్వాలి. అట్ట మీద నా పేరు, వెనక నా ఫోటో.

హాల్లో అందరి ముందే అన్నాడు ఇదంతా. నోరు తెరిచి కాదనడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేను థాంక్స్ చెప్పాను.

వాల్డో, ఫోటోకి జుట్టు దువ్వుకో, లేకపోతే పుస్తకం చూసి పిల్లలు జడుసుకుంటారు అన్నాడు. అందరూ నవ్వారు. మొదటి వరసలో ఒబ్దూలియా ఒక్కతే నవ్వలేదు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, ఈ హాల్లో ఆవిడ కంటే పాతవాళ్ళు లేరు. కళ్ళు సరిగ్గా ఆనవు, చేతి వేళ్ళతోనే చుట్ట కొలుస్తుంది. నేను పక్కనుంచి వెళ్తుంటే చెయ్యి పట్టుకుంది. కాసేపు పట్టుకుని వదిలేసింది.

అక్టోబర్ 6

టక్.

అక్టోబర్ 13, మధ్యాహ్నం 3

గొంతు బొంగురుపోయింది. క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టర్ టార్చి వేసి చూసి, శుభ్రంగా ఉంది, ఏమీ లేదంది. మరి ఎందుకు నొప్పెడుతోంది అంటే భుజాలు ఎగరేసింది. చీటీ మీద రాయడానికి పేరు అడిగింది. నెరేయిదా అన్నాను. ఆ వెంటనే సూదులు పెట్టే ఇనప పళ్ళెం టక్‌మంది. డాక్టర్ తలెత్తలేదు.

చదువుతుంటే నేను ఆగని చోట ఆగుతున్నాను. పేరా చివర చిన్నగా దగ్గుతున్నాను. ఆ దగ్గు మాస్టారిదని హాల్లో చెవులున్న ప్రతివాడికీ తెలుసు. ముప్పై ఏళ్ళు విన్నారు.

నాకు భయంగా ఉంది.

అక్టోబర్ 20

పని అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి మూలబల్ల దగ్గరికి వెళ్ళాను. పట్టపగలే, ఎండ కిటికీలోంచి సూటిగా పడుతోంది. బల్ల మీద ఏడు నెలల దుమ్ము, ఎక్కడా చెదరలేదు. కత్తి అంచంతా తుప్పు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, కదపలేదు. ఇవాళ పొద్దున కూడా చప్పుడు విన్నాను.

మాస్టారూ, నేనేం చెయ్యను అని పైకే అన్నాను. ఎవరితో అంటున్నానో తెలియక ఏడుపొచ్చింది.

అక్టోబర్ 28

కట్ట అయిపోయింది. కథ అయిపోలేదు. రెండు వందల పద్నాలుగో కాగితం ఇలా ఆగిపోయింది: "ఎమెరెన్సియానా తలుపు తీసింది. గుమ్మంలో సూటు వేసుకున్న మనిషి". ఆ తర్వాత ఏమీ లేదు. ఇల్లంతా, టేబులంతా వెతికాను. లేదు.

హాల్లో జ్వరమని చెప్పి, మిగతాది వచ్చే వారం అన్నాను. ఫౌస్టోకి ఫోన్ చేసి ఆఖరి అధ్యాయం చెక్కుతున్నాను అన్నాను. చెక్కుతోందట, మహా శిల్పి.

నవంబర్ 4

రాశాను. పదకొండు పేజీలు. వాడు సూటు విప్పి ఇచ్చేస్తాడు, ఆవిడ క్షమిస్తుంది, ఇద్దరూ కాఫీ తాగుతారు. మూడు సార్లు తిరగరాశాను. నిజం చెప్పాలంటే బాగానే వచ్చింది. నాకు నచ్చింది. శనివారం సూటులో నేను రాసిన మొదటి పేజీలు ఇవి.

నవంబర్ 6, మధ్యాహ్నం 1

చదివాను. ఆపాను.

ఒక్క కత్తి మోగలేదు. కింద పడేసినా బాగుండేది, తిట్టినట్టు ఉండేది. అదీ లేదు. అరవై ముగ్గురు తలలు వంచుకుని చుట్టలు చుట్టుకుంటున్నారు. చివరి బల్ల కూడా మాట్లాడలేదు. వేదిక దిగడానికి మూడు మెట్లు. ఒక్కొక్కటే దిగాను.

అదే రోజు, సాయంత్రం 5

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒబ్దూలియా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తన డబ్బాలోంచి సగం చిలగడదుంప నా ప్లేట్లో పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"ఇవాళ చదివింది ఆయనది కాదు కదమ్మా."

దుంప చేతిలోకి తీసుకున్నాను, తినలేదు.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఇరవై రెండేళ్ళ కిందట తుఫాను వచ్చి రోడ్లు తెగిపోయి పుస్తకాలు రాని రోజుల్లో, మాస్టారు మూడు రోజులు నోటితోనే ఒక కథ చెప్పారట. చాకలామె, తెల్ల సూటు. తుఫాను పోయింది, పుస్తకాలొచ్చాయి, ఆయన ఆపేశారు. తర్వాతేమైంది మాస్టారూ అని ఇరవై రెండేళ్ళు పీకి పాకం పెట్టారట. రాస్తున్నాను, రాస్తున్నాను అనేవారట. ఆ మూడు రోజులూ విన్నవాళ్ళు ఇప్పటికీ పదకొండు మంది హాల్లో ఉన్నారు. నేను మొదటి వాక్యం చదివిన రోజే వాళ్ళకి తెలుసు. ఆ సాయంత్రానికి మిగతావాళ్ళందరికీ తెలుసు. వాల్డోకి కూడా.

మరి రెండు నెలలుగా నాకు కత్తులెందుకు కొట్టారని అడిగాను. ఏం మొహం పెట్టుకుని అడిగానో.

"నీకా? మేం కొట్టింది ఆయనకమ్మా. రేపు చెబుతుందిలే, ఎల్లుండి చెబుతుందిలే అని రోజూ పొద్దున చూశాం."

నా చేతిలో దుంప అలాగే ఉంది. పేరెందుకు రాసుకోలేదాయన అన్నాను. ఒక్క ముక్క, మొదటి కాగితం మీద ఒక్క పేరు రాసుకుని ఉంటే నాకీ గతి పట్టేది కాదు కదా అని ఆయన మీదే కోపం తెచ్చుకున్నాను. ఒబ్దూలియా రవికెలోంచి మడిచిన చీటీ తీసింది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో మాస్టారు రాసిచ్చారట. ఆవిడ కూడా ఆయన్ని ఇదే అడిగిందట. ఎడమకి వాలిన పెన్సిల్ రాత.

"సొరుగులో పెట్టాను. పేరు దేనికి, చదివేటప్పుడు అమ్మాయి చెబుతుందిగా."

ఈ ఫ్యాక్టరీలో పుట్టి పెరిగిన మనిషి తప్ప లోకంలో ఇంకెవరూ అలా అనుకోరు. పుస్తకం చేతికిచ్చి, పేరు నా నోట్లో వదిలి వెళ్ళారు.

రిజిస్టర్ మీద కన్నీళ్ళు పడి కింది గీతలు చెరిగిపోయాయి. పడనీ.

నవంబర్ 9

ఆఫీసు నుంచి ఫౌస్టోకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మొత్తం విన్నాడు. తర్వాత, ఆ సిరీస్ బతికున్న కార్మికులకే అన్నాడు. చనిపోయినవాళ్ళ పుస్తకాలకి వేరే కమిటీ ఉంది, దానికి రెండేళ్ళుగా కాగితం లేదు. గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. అట్ట మీద నా పేరు ఉండనిచ్చి, లోపల మొదటి పేజీ అడుగున కసిమీరో గారికి కృతజ్ఞతలు అని ఒక లైను వేద్దామట. లేకపోతే పుస్తకం లేనట్టే, ఎవరి పేరుతోనూ. మంచి పుస్తకం నెరేయిదా, ఆలోచించుకో అన్నాడు. మంచివాడే. పుస్తకం బతకాలనే అన్నాడు.

ఆలోచించాను. ఆలోచించలేదని రాస్తే అబద్ధం. రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం ఆలోచించాను. ఆయన సొంత పుస్తకంలో ఆయనకి కృతజ్ఞతలు. వద్దన్నాను.

నవంబర్ 10

వేదిక ఎక్కకుండా కిందే నిలబడి చెప్పాను. పుస్తకం ఎవరిదో, నేనేం చేశానో, అచ్చు ఎందుకు పోయిందో. మాస్టారి పేరు రెండుసార్లు పలికాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరికీ తెలిసిన విషయమే కదా, కొత్తేముంది.

ఓటు పెట్టారు. నన్ను మళ్ళీ ఈనెలు తీసే గదికి పంపాలని వాల్డో అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు. రెండు నెలలు మమ్మల్ని ఎదురుచూడబెట్టింది అన్నాడు. పంతొమ్మిది చేతులు లేచాయి. నేను కిందకి చూస్తూ నిలబడ్డాను.

ఒబ్దూలియా లేచింది. "మొదటి కాగితం నుంచి మళ్ళీ చదవాలి. రోజూ ఆయన పేరు చెప్పి చదవాలి. ఆఖరున ఈ అమ్మాయి అతికించింది చదవక్కర్లేదు, ఆయన ఎక్కడ ఆగాడో అక్కడే ఆగాలి."

నలభై నాలుగు చేతులు.

అచ్చు ఉండదు. ఈ హాలు దాటి ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఆ పాపం నాది, ఇది ఎన్ని ఉదయాలు చదివినా తీరేది కాదు. వాల్డో బయటికి వెళ్తూ నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చి ఆ పదకొండు పేజీలు పొయ్యిలో పెట్టాను. నేను మార్చిన రెండు మాటలూ కట్టలో వెతికి పట్టుకుని మళ్ళీ ఆయనవి రాశాను.

నవంబర్ 16

"శనివారం సూటు. రాసినవారు కసిమీరో అర్మెంటెరోస్."

మధ్యలో అలవాటుగా ఆగాను. చప్పుడు రాలేదు. చదివాను.

మధ్యాహ్నం మూలబల్ల దగ్గరికి వెళ్ళాను. దుమ్ములో అర్ధచంద్రం ఆకారం శుభ్రంగా ఉంది. కత్తి లేదు. ఎవరు తీశారని అడగలేదు.